కనుమ నాడు నెల్లూరు: రథం ముగ్గుల వీధులు, పెన్న ఒడ్డున ఏటి పండుగ

నెల్లూరు పండుగ అనగానే బయటి ఊళ్లవాళ్లకు గుర్తొచ్చేది రొట్టెల పండుగే. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకి లక్షల మంది వస్తారు, ఏర్పాట్లూ ఆ స్థాయిలోనే ఉంటాయి. కనుమ నాడు పెన్న ఒడ్డున జరిగే ఏటి పండుగ సంగతి మాత్రం జిల్లా దాటితే చాలామందికి తెలియదు. సంక్రాంతికి పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఎటైనా వెళ్దామనుకునే కుటుంబాలకు నేనైతే దీన్నే చెప్తాను. ఇందులో చూడాల్సిందంతా వీధిలో ఆడవాళ్లు, పిల్లలు తమ చేతులతో చేసిందే. టికెట్ లేదు, గ్యాలరీ లేదు, స్టేజీ లేదు.

పండుగ రెండు భాగాలు. తెల్లవారుజామున పాత పేటల వీధుల్లో ముగ్గులు, గొబ్బెమ్మలు. మధ్యాహ్నం దాటాక రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి గుడి పక్కనే పెన్న రేవులో ఏటి పండుగ. ఊళ్లోని గుళ్ల నుంచి ఉత్సవమూర్తుల్ని అక్కడికి ఊరేగింపుగా తెస్తారు, ఆడవాళ్లు ధనుర్మాసపు గొబ్బెమ్మల్ని ఏట్లో కలుపుతారు. చాలామంది రెండో భాగానికి మాత్రమే వచ్చి, జనాన్ని చూసి వెళ్లిపోతారు. నా ఓటు మొదటి భాగానికే.

అందుకే బస ఎక్కడన్నది ముఖ్యం. మేము పాత ఊళ్లో, ట్రంకు రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక మామూలు లాడ్జిలో దిగాం. గది చిన్నది, లిఫ్ట్ లేదు, వేడినీళ్లు బకెట్లతో తెచ్చిస్తారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులని చెప్తే కింది అంతస్తులో గది మార్చి ఇచ్చారు, అదనంగా ఏమీ అడగలేదు. మాతో వచ్చిన మా పిన్నివాళ్లు హైవే పక్కన ఏసీ హోటల్ తీసుకున్నారు. గదులు శుభ్రం, టిఫిన్ బాగుంది, కారు పెట్టుకోవడానికి బోలెడు చోటు. కానీ కనుమ పొద్దున అయిదింటికి అక్కడికి ఆటో రాదు. "కనుమ నాడు కాకైనా కదలదు" అని ఊరికే అనలేదు పెద్దలు. వాళ్లు వీధుల్లోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది, అప్పటికే సగం ముగ్గుల మీద బండ్ల చక్రాలు తిరిగాయి. సొంత కారు, తెల్లారే లేచే అలవాటు రెండూ ఉంటే హైవే హోటల్ పర్వాలేదు. లేదంటే సౌకర్యం కాస్త తగ్గినా పాత ఊరే మేలు.

మూలపేట వీధుల్లో అయిదు గంటలకే కదలిక మొదలవుతుంది. మట్టి వాకిలి ఉన్న ఇళ్లు ఇప్పుడు తక్కువ. ఉన్నచోట పేడ కళ్లాపి చల్లుతారు, సిమెంటు రోడ్డయితే బిందెలతో నీళ్లు కొట్టి చీపురుతో ఊడుస్తారు. తడి పూర్తిగా ఆరకముందే ముగ్గు వేయాలి. ఆరిపోతే పొడి నిలవదు, మొదటి స్కూటరుకే లేచిపోతుంది. నీళ్లు నిలిచి ఉంటే గీత చెదురుతుంది. ఆ మధ్య సమయాన్ని వాళ్లు అరచేత్తో నేలని తడిమి కనిపెడతారు. నేను చూసినంతలో ఎవరూ తొందరపడలేదు.

భోగికి, పెద్దపండుగకి చుక్కల ముగ్గులు, మెలికల ముగ్గులు ఎన్నయినా వేస్తారు. కనుమకి మాత్రం రథం ముగ్గు. గుడి సందులో ఒక పెద్దావిడ వేస్తున్న రథం దగ్గర మేము చాలాసేపు నిలబడ్డాం. ముందు చుక్కలు పెట్టింది, నాలుగు చక్రాలు వేసింది, మీద అంతస్తులు కట్టుకుంటూ పోయి కలశం పెట్టింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పొడి జారుతుంటే గీత ఎక్కడా సన్నబడలేదు, లావెక్కలేదు. రథం పూర్తయ్యాక అడుగు నుంచి ఒక తాడు గీసి, వంగిన నడుము ఎత్తకుండానే పక్కింటి వాకిలి దాకా లాక్కుంటూ పోయింది. ఆ ఇంటి రథం తాడు ఇంకో ఇంటికి, అక్కణ్నుంచి మరో ఇంటికి, అలా వీధి చివరిదాకా.

ఒకచోట తాళం వేసిన ఇల్లుంది. ఆ వాకిట్లోనూ ఎవరో చిన్న రథం వేసి తాడు కలిపారు. "వాళ్లు ఊళ్లో లేరు గదా, ఎవరేశారవ్వా?" అని అడిగాను. "నేనే ఏశానమ్మా. బిడ్డల దగ్గరికి పొయ్యుండారు. వాళ్లు లేరని తాడు ఈడ ఆపేస్తే ఎట్టా?" అంది. యాత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే.

గొబ్బెమ్మల అలంకారం ఇంటికో తీరు. పేడముద్ద మీద పసుపు, కుంకుమ, పైన గుమ్మడిపువ్వు అన్నది అందరిదీ. ఆపైన బంతి, చేమంతి, గరిక, రేగుపళ్లు, నవధాన్యాలు ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు. గుమ్మాలకు మామిడాకులతో పాటు వరికంకుల కుచ్చులు కడతారు, పిచ్చుకలు తినడానికి. ఒక వీధిలో పిల్లలు రంగు కాగితాలు మూడుకోణాలుగా కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో పురికొసకు అంటించి, మేడకీ మేడకీ మధ్య కట్టారు. పక్క వీధిలో ప్లాస్టిక్ తోరణాలు, స్టిక్కర్ ముగ్గులు కనిపించాయి. రెండు వీధులూ వెంటవెంటనే నడిచి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. స్టిక్కర్ వీధిలో ఆగి చూడాలనిపించలేదు, ఆగినా మాట్లాడటానికి వాకిట్లో మనిషి లేదు. వీలైతే ఒక్క ఏడాదైనా చేతిముగ్గు వేయండని ఆ ఇళ్లవాళ్లను నిజంగా బతిమాలాలనిపించింది.

పొద్దెక్కాక మూలస్థానేశ్వరస్వామి దర్శనం అయింది, రద్దీ పెద్దగా లేదు. రంగనాథస్వామి గుడికి మాత్రం పదిగంటల లోపే వెళ్లిరండి. గాలిగోపురాన్ని తల ఎత్తి తీరిగ్గా చూడొచ్చు, అద్దాల మండపం దగ్గర పిల్లలు కాసేపు ఆగుతారు. సాయంత్రం అదే గుడిలో అడుగు తీసి అడుగు వేయలేం.

భోజనం దగ్గర జాగ్రత్త. కనుమ నాడు చిన్న హోటళ్లు చాలావరకు మూసేస్తారు, తెరిచినవాటిలో మధ్యాహ్నం రెండయ్యేసరికి కూరలు అయిపోతాయి. మేము తిన్నచోట చేపల పులుసు బాగుంది. మామిడికాయ కాలం కాదు కాబట్టి ఒట్టి చింతపండు పులుసే, అయినా నెల్లూరు కారం నెల్లూరు కారమే. కనుమకి మినుము తినాలి కనుక గారెలు ఎక్కడైనా దొరుకుతాయి. మలైకాజా ముందురోజే కొని పెట్టుకోవడం మంచిది.

మూడు గంటల నుంచి జనమంతా ఏటివైపే. మేము వెళ్లినప్పుడు గుడికి బాగా దూరంలోనే బండ్లు ఆపేశారు, ఆటోవాళ్లు మామూలు ధరకు రెండింతలు అడిగారు. అత్తగారిని నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్లాం. దారి పొడుగునా కూర్చోవడానికి ఏమీ లేదు. పెద్దవాళ్లుంటే మడతకుర్చీ పట్టుకెళ్లండి. ఇసుకలోకి దిగాక మాత్రం మనసు తేలికపడుతుంది. కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, గారెలు విప్పుతాయి. ఎవరి పక్కన కూర్చున్నా ఒక గారె మన చేతిలో పడుతుంది. ఆడపిల్లలు గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడుతుంటారు. పూలతో అలంకరించిన ఉత్సవమూర్తులు ఒక్కొక్కటిగా వస్తుంటే ఇసుకలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడతారు.

లోటుపాట్లూ చెప్పాలి. తాత్కాలిక మరుగుదొడ్లు చాలవు, ఉన్నవాటిలో చీకటిపడే వేళకి నీళ్లు అయిపోయాయి. ఆడవాళ్ల పండుగకి ఇది చిన్న లోటు కాదు. మంచినీళ్ల ఏర్పాటు బాగుంది, మైకులో తప్పిపోయిన పిల్లల వివరాలు చెప్తూనే ఉన్నారు. ఏట్లో కలిపే గొబ్బెమ్మలు పేడ, పూలు, వాటితో ఏరు పాడు కాదు. పాడు చేసేది వాటిని మోసుకొచ్చిన క్యారీబ్యాగులు, ఇసుకలో వదిలేసిన ప్లేట్లు. పళ్లెంలోనో గంపలోనో తెచ్చినవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు, మిగతావాళ్లూ అలాగే తెస్తే బాగుంటుంది.

వెళ్లేవాళ్లు రైలు టికెట్ సంగతి ముందే చూసుకోవాలి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే నవంబరు మధ్యలోనే తీసుకోవాలి. చెన్నై నుంచి దాదాపు 175 కిలోమీటర్లే కాబట్టి అటువాళ్లకు బస్సు హాయి. తిరుగు ప్రయాణం ముక్కనుమ సాయంత్రానికి పెట్టుకుంటే ఆ పొద్దున మైపాడు బీచ్‌కి వెళ్లిరావచ్చు. చిన్నపిల్లలుంటే అది మానేసి నిద్రపోనివ్వండి, ముందురోజు నాలుగున్నరకే లేపి ఉంటారు.