పళ్ల సందుల బ్రష్: నాలుగు నెలలు వాడాక

ఐదుకి నాలుగు స్టార్లు. తెగిపోయిన ఆ ఒక్క స్టారూ దీని తీగ వల్లే, అది తర్వాత చెబుతాను.

నేను పనిచేసేది మైక్రోబయాలజీ ల్యాబ్‌లో. బ్యాక్టీరియాను పెంచడమే నా ఉద్యోగం. నా నోట్లో పెరుగుతున్నవాటిని మాత్రం ఏడాది పాటు పట్టించుకోలేదు. బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా కనిపించేది. గట్టిగా తోమానేమోలే అనుకునేదాన్ని. చివరికి పళ్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, గీతలున్న సన్నటి పుల్లతో పన్నుకీ చిగురుకీ మధ్య లోతు కొలిచారు. ఆయన 'నాలుగు, ఐదు, నాలుగు' అని చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటోంది. నాకు టెన్షన్ మొదలైంది. ఆ లోతు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. గారంతా తీసేసి, రోజూ రాత్రి ఈ బ్రష్ వాడమన్నారు.

అప్పటిదాకా నేను నమ్ముకున్నది మౌత్‌వాష్‌ని. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిముల్ని చంపే మందు ఉన్నదే కొన్నాను. రెండు వారాలకు నాలుక మీద రుచి మారిపోయింది, పళ్ల మీద గోధుమరంగు మరకలు పడ్డాయి, రక్తం మాత్రం ఆగలేదు. మందు మంచిదే. కాకపోతే పుక్కిలిస్తే అది చిగురు కింది లోతుల్లోకి దిగదు, పేరుకున్న పాచిలోకీ సరిగ్గా ఇంకదు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1683లో, బ్యాక్టీరియాను మొదట చూసిన డచ్చివాడు లీవెన్‌హుక్ తన పళ్ల పాచిని గీకి లెన్సు కింద చూశాడు. పాచిలో వెనిగర్ కలిపితే అందులోని జీవులు చచ్చాయి. అదే వెనిగర్‌తో నోరు కడుక్కుంటే పైపైన ఉన్నవే చచ్చాయి, లోపలివి హాయిగా ఉన్నాయి.

ఎందుకలా అంటే, పాచిలోని బ్యాక్టీరియా ఊరికే కూర్చుని ఉండవు, పట్టుకుని ఉంటాయి. పళ్లు తోముకున్న కాసేపటికే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద పల్చటి పొర కడతాయి. ముందుగా చేరే స్ట్రెప్టోకాకస్‌లనే బ్యాక్టీరియా తమ ఒంటి మీది ప్రొటీన్లతో ఆ పొరను అంటిపెట్టుకుంటాయి. ఆ తర్వాత ఫ్యూసోబ్యాక్టీరియం అనే ఇంకో బ్యాక్టీరియా వస్తుంది. దీనికి రెండు చేతులున్నాయనుకోండి: రాడ్‌డి అనే ప్రొటీన్‌తో ముందొచ్చినవాటిని, ఫ్యాప్2 అనేదానితో వెనకొచ్చేవాటిని పట్టుకుంటుంది. ఆ వెనకొచ్చేవాటిలోనే చిగుళ్ల జబ్బుకి అసలు దొంగ ఉంది, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా. దాని ఒంటి మీద ఫింబ్రియే అనే సన్నటి పోగులుంటాయి. ఫిమ్‌ఎ ప్రొటీన్‌తో అల్లిన పొడుగు పోగులు చిగురు కణాలను పట్టుకుంటాయి. ఎంఎఫ్‌ఎ1తో చేసిన పొట్టివి, ముందొచ్చిన స్ట్రెప్టోకాకస్‌లలో ఒకటైన గోర్డోనీని పట్టుకుంటాయి. దాని పైపొర మీదే జింజిపైన్లనే ఎంజైములు కూడా ఉంటాయి. అవి మన ప్రొటీన్లను ముక్కలు చేస్తాయి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ని విరగ్గొట్టి ఇనుమున్న హీమ్‌ని లాగేస్తాయి. బ్లడ్ అగార్ (రక్తం కలిపిన జెల్లీ లాంటి మేత) ప్లేటు మీద దీన్ని పెంచితే కొన్ని రోజులకు కాలనీలు, అంటే దాని గుంపులు, నల్లగా అవుతాయి. ఆ నలుపు హీమ్‌దే. ప్లేటు మీద ఆ నలుపు చూసి మురిసిపోయే నేను, చిగుళ్ల నుంచి రక్తం కారిన ఏడాదంతా దానికి ఇంట్లోనే ఇనుము పెట్టి పోషించానన్నమాట.

ల్యాబ్‌లో గాజు గొట్టానికి పట్టిన బయోఫిల్మ్ (పాచిలాగే బ్యాక్టీరియా కట్టుకునే పొర) నీళ్లు పోస్తే పోదు, గీకాలి. ఈ బ్రష్ చేసేది ఆ గీకుడే.

ఇక వాడకం. అన్ని సందులకూ ఒకే సైజు పట్టదు. నేను మొదట లావుది కొని ముందు పళ్ల మధ్య దూర్చబోయి చిగురు గాయం చేసుకున్నాను. ముందుకి సన్నది, దవడ పళ్లకి లావుది, రెండు సైజులు కావాల్సిందే. ఏ సైజైనా మెల్లగా దూరాలి, బలవంతం చేయొద్దు. మొదటి వారం రక్తం ఇంకా ఎక్కువ కనిపించింది, భయపడి మానేద్దామనుకున్నాను. పదో రోజుకి తగ్గింది, మూడో వారానికి ఉమ్మి తెల్లగా వచ్చింది.

తీగ మాత్రం నాసిరకం. ఐదారు రోజులకే మెడ దగ్గర వంకర పోతుంది. ఒకటైతే సందులో ఉండగానే విరిగింది, అద్దం ముందు నిలబడి ట్వీజర్స్‌తో లాక్కున్నాను. కంపెనీకి రాస్తే జవాబు లేదు. తడిగా ఉన్నప్పుడు మూత పెడితే మర్నాటికి వాసన కూడా వస్తుంది, ఆరనిచ్చి పెట్టండి.

పోయిన వారం మళ్లీ కొలిపించుకున్నాను. నాలుగులన్నీ మూడయ్యాయి, ఐదుల్లో ఒకటి తప్ప మిగతావి నాలుగుకి వచ్చాయి. ఆ ఒక్కటి ఎడమవైపు కింద చివరి దవడ పన్ను వెనక. ఈ బ్రష్ పిడి పొట్టిది, అక్కడికి అందదు. పొడుగు పిడిది వెతుకుతున్నాను.