కూల్చకుండా మిగిలిన భవనాలు: న్యూయార్క్‌లో ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

పాత కట్టడాన్ని పడగొట్టకుండా కళాకారులు తక్కువ అద్దెకు ఉండే ఇళ్లుగా ఎలా మార్చారో చూడాలంటే మన్‌హాటన్‌లోనే రెండు చోట్లున్నాయి. వెస్ట్ విలేజ్‌లో వెస్ట్‌బెత్, ఈస్ట్ హార్లెంలో పి.ఎస్. 109 అనే పాత పాఠశాల. ఒక్క రోజులో రెండూ అవుతాయి. ఒకటే కుదిరేట్టయితే, కళ్లకు విందు వెస్ట్‌బెత్. అలాంటి పని స్వయంగా తలపెట్టినవాళ్లకు పనికొచ్చేది మాత్రం పి.ఎస్. 109.

వెస్ట్‌బెత్ ఒకప్పటి బెల్ ల్యాబ్స్, అంటే బెల్ టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల. 1927లో వాషింగ్టన్ నుంచి పంపిన టెలివిజన్ బొమ్మ కనిపించింది ఇక్కడే. ల్యాబ్స్ వెళ్లిపోయాక ఆర్కిటెక్ట్ రిచర్డ్ మేయర్ డిజైన్‌తో 1970లో దీన్ని 380కి పైగా ఇళ్లుగా మార్చారు. డబ్బు వైపు జె.ఎం. కాప్లాన్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ, కళలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ నిలబడ్డాయి. లోపలి ఆవరణలో తలెత్తి చూస్తే గోడల పొడవునా అర్ధచంద్రాకారపు బాల్కనీలు కనిపిస్తాయి. అందానికే అనుకుంటే పొరపాటు. ఒక్కో బాల్కనీ పక్కపక్క ఇళ్లు రెండింటినీ కలుపుతుంది. మంటలొస్తే ఇటువాళ్లు అటు దాటి బయటపడొచ్చు. కొత్తగా మెట్ల బురుజులు కట్టి లోపలి స్థలం తినేయకుండా చేసిన ఉపాయం ఇది. ఫ్యాక్టరీలను ఇళ్లుగా మార్చేటప్పుడు ముందు అడ్డం పడేది అగ్నిమాపక నిబంధనలే కాబట్టి, మిగతావి చూడకపోయినా ఇది చూడాలి.

వాషింగ్టన్ స్ట్రీట్ వైపు తిరిగితే భవనం పొట్టలోంచి దూసుకుపోయిన సరుకు రైలు మార్గం ముక్క ఇంకా ఉంది. ఇప్పుడు హై లైన్ పార్కుగా జనం నడుస్తున్నది దీని కొనసాగింపే. మధ్యలో భాగం 1991లో తీసేశారు, అందుకే ఇది ఒంటరిగా తెగిపోయి నిలిచింది.

లోపాలూ ఉన్నాయి. నది పక్కన ఉండటంతో 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు బేస్‌మెంట్ మునిగింది. అక్కడ దాచిన కళాకృతులు, మార్తా గ్రాహం డాన్స్ కంపెనీ దుస్తులు, సెట్లు నీళ్లపాలయ్యాయి. నీటి ఒడ్డున కట్టడం తీసుకుంటే స్టోరేజీ పై అంతస్తులో పెట్టాలి, అద్దె రాబడి కొంత తగ్గినా సరే. ఇంకో సంగతి, ఇక్కడ చేరినవాళ్లు ఇల్లు ఖాళీ చేయడం అరుదు. భద్రత దొరికింది, కానీ కొత్త తరానికి తలుపు సందు కూడా లేదు. వెయిటింగ్ లిస్టే ఏళ్ల తరబడి మూసి ఉంచాల్సి వచ్చింది.

పి.ఎస్. 109 కథ వేరు. సి.బి.జె. స్నైడర్ గీసిన ఈ పాఠశాల 1995లో మూతపడింది. కూల్చివేత మొదలయ్యాక స్థానికులు అడ్డుపడి ఆపించారు. ఆర్ట్‌స్పేస్ అనే లాభాపేక్ష లేని సంస్థ సుమారు 5.2 కోట్ల డాలర్లతో దీన్ని 89 ఇళ్లుగా మార్చింది. అర్జీలు 53 వేలు దాటాయి! సగం ఇళ్లు ఆ పేటవాళ్లకే ప్రాధాన్యంగా కేటాయించడం ఇక్కడ అసలు మెచ్చుకోవాల్సిన సంగతి. లేకపోతే కళ పేరుతో పేటనే ఖాళీ చేయించినట్టయ్యేది. కళా సంస్థల కోసం దాదాపు 10 వేల చదరపు అడుగులు విడిగా ఉంచారు.

అమెరికాలో ఇలాంటి కట్టడాలకు డబ్బు రెండు రకాల పన్ను రాయితీల నుంచి వస్తుంది. ఒకటి చారిత్రక భవనాలకు, అర్హమైన మరమ్మతు ఖర్చులో 20 శాతం, 5 ఏళ్లకు పంచి. రెండోది తక్కువ ఆదాయ గృహాలకు, ఇది 10 ఏళ్లు. దీన్ని తీసుకుంటే సాధారణంగా 30 ఏళ్లు అద్దె పరిమితికి కట్టుబడాలి. కళాకారులకు ప్రాధాన్యం ఇస్తే రెండోది దక్కుతుందా అన్న అనుమానాన్ని, దక్కుతుందని చెప్పి 2008 చట్టం తీర్చింది. ఎక్కువమంది దెబ్బతినేది మొదటి రాయితీ దగ్గరే. అర్జీకి మూడు భాగాలు: భవనం చారిత్రక విలువ, పని ప్రణాళిక, పూర్తయిన పని. రెండో భాగం ఆమోదం రాకముందే పాత కిటికీలు పీకేసినా, ఆడిటోరియాన్ని గదులుగా చీల్చినా, వెడల్పు వరండాలను ఇరుకు చేసినా రాయితీ మొత్తం పోవచ్చు. ఇళ్ల సంఖ్య పెంచాలన్న ఆశే ఇక్కడ ముంచుతుంది.

రెండు చోట్లా ఇళ్లలోకి, వరండాల్లోకి సందర్శకులను రానివ్వరు, అది సబబే. ప్రదర్శన ఉన్నప్పుడే అక్కడి కళా గ్యాలరీ తెరుస్తారు కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. పి.ఎస్. 109 దగ్గర ప్రదర్శన లేకపోతే బయటి నుంచి చూసి వెనుదిరగడమే.

బసకు ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూలోని హెచ్.ఐ. ఎన్‌వైసీ హాస్టల్ సరిగ్గా కుదురుతుంది. అదీ కూల్చివేత తప్పించుకున్న కట్టడమే. రిచర్డ్ మోరిస్ హంట్ 1883లో పేద వృద్ధ మహిళల కోసం కట్టిన ఆశ్రమం, 1990లో హాస్టలయింది. ఉమ్మడి వంటగది, వెనక తోట ఉండటంతో ఖర్చు తగ్గుతుంది. డార్మిటరీల్లో సద్దు తప్పదు, నిద్ర తేలికైనవాళ్లు విడి గదికే పోవాలి. చూపించే ధర మీద పన్నులు అదనం. లాకరుకు వేయడానికి తాళంకప్ప మనతో ఉంటే మంచిది.

103వ వీధి స్టేషన్‌లో 1 నంబరు రైలు ఎక్కితే క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగి వెస్ట్‌బెత్‌కు నడవొచ్చు. పి.ఎస్. 109కు ఎం96 బస్సులో సెంట్రల్ పార్క్ దాటి థర్డ్ అవెన్యూలో దిగి, మూడు వీధులు ఉత్తరానికి నడవాలి. రైల్లోంచి బస్సుకు రెండు గంటల్లోపు మారితే రెండోసారి ఛార్జీ పడదు. రెండుచోట్లా ఒకే కార్డు లేదా ఒకే ఫోన్ తాకించాలి. ఒకచోట కార్డు, మరోచోట ఫోన్ వాడితే రెండుసార్లు కోత పడుతుంది.