గలీనానా, డిక్సనా? ఒక్క శనివారమే చేతిలో ఉంటే ఏది మేలు?

షికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే డౌన్‌టౌన్, అరోరా బాలాజీ గుడి, నయాగరా చూపించేస్తారు. చిన్న ఊరు మాత్రం చూపించరు. చూపించాలనుకుంటే ఇల్లినాయ్ వాయవ్య మూలన రెండు కౌంటీ కేంద్రాలున్నాయి: జో డేవిస్ కౌంటీకి గలీనా, లీ కౌంటీకి డిక్సన్. రెండూ చెరో ప్రెసిడెంటు పేరు చెప్పుకునే ఊళ్లే. దారులకీ ఆ పేర్లే. డిక్సన్ వైపు పోయే ఐ-88 రీగన్ పేరు మీద, గలీనా వెళ్లే యూఎస్-20 గ్రాంట్ పేరు మీద ఉన్నాయి.

అందంలో పోటీయే లేదు, గలీనాదే గెలుపు. మంచుయుగంలో హిమానీనదాలు ఇల్లినాయ్‌లో చాలా భాగాన్ని ఇస్త్రీ చేసినట్టు చదును చేసేసి, ఈ మూలని మాత్రం వదిలేశాయి. అందుకే ఇక్కడ కొండలూ లోయలూ మిగిలాయి. రాష్ట్రంలోకెల్లా ఎత్తైన చార్ల్స్ మౌండ్ ఈ కౌంటీలోదే, 1,235 అడుగులు. అరకు చూసినవాళ్లు దాన్ని కొండ అనరు గానీ, గంటల తరబడి మొక్కజొన్న చేలే చూస్తూ వచ్చాక ఆ మాత్రం ఎత్తు కూడా కంటికి పండగే.

1840ల్లో దేశానికి కావాల్సిన సీసంలో అత్యధిక భాగం ఈ చుట్టుపక్కల గనుల నుంచే వెళ్లేది. మిసిసిపీ నుంచి స్టీమర్లు నేరుగా ఊళ్లోకి వచ్చేవి. గనుల కోసం, కలప కోసం కొండలు బోడి చేశారు. మట్టంతా కొట్టుకొచ్చి ఊళ్లోని గలీనా నది పూడిపోయింది. రైలొచ్చాక ఆ కాస్త పడవ వ్యాపారమూ పోయింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఊరికి లేకపోయింది కాబట్టే మెయిన్ స్ట్రీట్‌లో ఆనాటి ఇటుక మేడలు అలాగే నిలిచాయి. ఇప్పుడు 3,300 మంది ఊరికి అన్నం పెడుతున్నది అవే. ఒక్క హెచ్చరిక: మెయిన్ స్ట్రీట్ నుంచి పై వీధులకి మెట్ల దారులే దగ్గర. పాత హైస్కూలు దగ్గరి మెట్లు 200కు పైనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని అటు తీసుకెళ్లకండి.

మనుషుల దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. గ్రాంట్ మా ఊరివాడని గలీనా విగ్రహం మీదే చెక్కించుకుంది. నిజానికి అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఆయన అక్కడ ఉన్నది ఏడాది మాత్రమే. 1860లో వచ్చి నాన్న తోలు సామాన్ల కొట్లో తమ్ముళ్లతో కలిసి పనిచేసి, 1861లో సైన్యంలోకి వెళ్లిపోయాడు. 1865లో గెలిచి వస్తే ఊరివాళ్లు ఇల్లు బహుమతిగా ఇచ్చారు. అందరూ చూసేది ఆ ఇల్లే. నాకైతే ఆ ఊళ్లో ఎలీ పార్కర్ కథే ఎక్కువ నచ్చుతుంది. సెనెకా తెగవాడు, ఇంజనీరు. ప్రభుత్వ భవనం కట్టించడానికి వచ్చాడు. అది ఇప్పటికీ పోస్టాఫీసే. తర్వాత గ్రాంట్ దగ్గర చేరి, 1865 ఏప్రిల్‌లో అపోమాటక్స్‌లో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగుబాటు షరతుల ప్రతిని తన చేత్తో రాసింది ఈయనే.

డిక్సన్ చదునైన నేల మీద, రాక్ నది ఒడ్డున ఉంది. జనం 15,000. ఊరు పుట్టిందే గలీనా గనులకి పోయేవాళ్లని రేవు దాటించడానికి. పెద్ద వీధి పేరు ఈనాటికీ గలీనా అవెన్యూ. రీగన్ తొమ్మిదేళ్లప్పుడు 1920లో ఇక్కడికొచ్చాడు. లోవెల్ పార్కులో ఏడు వేసవులు లైఫ్‌గార్డుగా చేశాడు. కాపాడిన ప్రతి మనిషికీ దుంగ మీద ఒక గాటు పెట్టేవాడు, మొత్తం 77. ఆ ఒడ్డున నిలబడి నీటి వడి చూస్తే ఆ పని ఆషామాషీది కాదని తెలుస్తుంది.

మన సందుకో మందుల కొట్టున్న వాల్‌గ్రీన్స్ వెనకా ఈ ఊరే ఉంది. కుర్రాడైన చార్ల్స్ వాల్‌గ్రీన్‌కి ఇక్కడి చెప్పుల ఫ్యాక్టరీలో వేలు తెగింది. కట్టు కట్టిన డాక్టరే అతన్ని మందుల షాపులో చేరమన్నాడు. ఊరు దాచుకోలేని ఇంకో కథ: ఖజానా చూసే ఉద్యోగిని 1990 నుంచి 2012 వరకు 5 కోట్ల 37 లక్షల డాలర్లు నొక్కేసి మేలుజాతి గుర్రాలు పెంచింది. రోడ్ల గుంతలకి డబ్బు లేదన్న ఊళ్లో!

కొత్తగా పెళ్లయినవాళ్లు, ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు గలీనాకే వెళ్లండి. అక్టోబరు శనివారాలు మాత్రం వద్దు, కారు పెట్టే చోటు దొరకదు. పెద్దవాళ్లూ పిల్లలూ ఉంటే డిక్సన్ మేలు. షికాగో నుంచి 100 మైళ్లే, గలీనా 160. నన్నడిగితే డిక్సనే. మధ్యాహ్నానికల్లా రీగన్ ఇల్లు చూసేసి, పులిహోర డబ్బాతో లోవెల్ పార్కులో కూర్చోవచ్చు.