కేదార్‌కంఠ ట్రెక్‌కి "లేడీస్ కంఫర్ట్ కిట్" అని డబ్బులు కట్టేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ట్రెక్‌కి వెళ్ళి, రాత్రే డెహ్రాడూన్ నుంచి వచ్చాను. బ్యాగులో బట్టలు కూడా తీయలేదు, ముందు ఇది రాస్తున్నాను. ఎవరి గురించో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాలో రోజూ మంచుకొండల రీల్స్ పెట్టే మన హైదరాబాద్ ట్రెక్కింగ్ వాళ్ళే. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారు, అందుకే రాయను.

నాకు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగి నొప్పి పెట్టే జబ్బు. దానికి రోజూ డైనోజెస్ట్ 2 మి.గ్రా. హార్మోన్ మాత్ర వేసుకుంటాను. దాంతో పీరియడ్స్ ఆగిపోతాయంటారు గానీ నాకు చెప్పాపెట్టకుండా స్పాటింగ్ (కొద్దికొద్దిగా బ్లీడింగ్) మొదలవుతుంది, ఒక్కోసారి పది రోజులు వదలదు. కాబట్టి "డేట్ చూసుకుని వెళ్ళాల్సింది" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళు దయచేసి ఆగండి. నొప్పితో పాటు కడుపూ పాడవుతుంది, టాయిలెట్ దగ్గర్లో ఉండాలి. ఇదంతా వాళ్ళ హెల్త్ ఫారంలో పూసగుచ్చినట్టు రాశాను. పైన "మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం" అని ఉంది లెండి.

ట్రెక్ డబ్బులు కాక ఈ కిట్‌కి ఇంకో 1,800. ఆడవాళ్ళకి విడిగా టాయిలెట్ టెంట్, రెండు పూటలా వేడినీళ్ళు, వాడిన ప్యాడ్లకి సీలు కవర్లు. ఫోన్‌లో ఆ అమ్మాయి "అక్కా, మీరేం టెన్షన్ పడొద్దు" అని ఎంత తియ్యగా చెప్పిందో! ఆన్‌లైన్‌లో చీరలు కొని ఎన్నిసార్లు మోసపోయానో లెక్కలేదు, అయినా బుద్ధి రాలేదు నాకు.

ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రిలో దిగాక తెలిసింది, వీళ్ళు మనల్ని అక్కడి లోకల్ టీమ్‌కి అప్పజెప్పేస్తారని. అమ్మేవాడొకడు, కొండెక్కించేవాడింకొకడు. ఆ టీమ్‌కి కిట్ సంగతే తెలీదు. ఇక్కడి నుంచి వచ్చిన కోఆర్డినేటర్ చేతిలో ఒక కవర్ పెట్టాడు. రెండు తడి వైప్స్, బొటనవేలంత శానిటైజర్. "ఇదే అక్కా కిట్."

జూడా కా తాలాబ్ క్యాంపులో పదహారు మందికీ ఒకటే టాయిలెట్ టెంట్. గుంట తవ్వి చుట్టూ గుడ్డ కడతారు, పనయ్యాక మట్టి పోయాలి. అది ముందే తెలుసు, దానికి నా గొడవ లేదు. కానీ జిప్పు ఊడిపోయింది. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, నోట్లో టార్చి కరుచుకుని, ఇంకో చేత్తో ప్యాడ్ మార్చుకోవాలి. ఇంట్లో మెన్‌స్ట్రువల్ కప్ వాడతాను, కానీ చేతులు కడుక్కోవడానికే నీళ్ళు లేనిచోట కప్ ఎలా? ప్యాడ్ గుంటలో వేయకూడదు, కిందికి మోసుకురావాలి. న్యాయమే. సీలు కవర్ ఏది మరి? బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసి అందులో చుట్టుకున్నాను.

ఇంతవరకూ అయితే పోనీలే అనుకునేదాన్ని. రెండో రోజు బేస్ క్యాంపులో నొప్పి పట్టుకుంది. తెచ్చుకున్న హీట్ ప్యాచ్‌లు సరిగా వేడెక్కలేదు. గాలిలోని ఆక్సిజన్‌తో వేడెక్కే సరుకు అది, అక్కడ గాలే పలచన. కోఆర్డినేటర్‌ని పక్కకి పిలిచి, "స్పాటింగ్ అవుతోంది, నొప్పిగా ఉంది, ఒక బాటిల్ వేడినీళ్ళు ఇప్పించు తమ్ముడూ" అని మెల్లగా అడిగాను. సరేనన్నాడు. పది నిమిషాల తర్వాత అందరం కిచిడీ తింటుంటే లేచి నిలబడి చెప్పాడు: "తెల్లవారుజామున రెండున్నరకి బయలుదేరతాం. అక్కకి గర్భసంచి ప్రాబ్లం ఉంది, ఇప్పుడు బ్లీడింగ్ కూడా అవుతోందట. మాటిమాటికీ ఆగితే అందరికీ సమ్మిట్ పోతుంది. అక్క టెంట్‌లోనే ఉంటారు."

నన్నొక మాట అడగలేదు. మిగతా పదిహేను మందీ, అందులో సగం నా తమ్ముడి ఈడు మగపిల్లలు, తలెత్తకుండా ప్లేట్లలోకి చూస్తున్నారు. "నీకు చెప్పింది అందరికీ చాటించమని కాదు" అన్నాను. నవ్వాడు. "దాచుకోవడానికేముందక్కా, నేచురలే కదా! అయినా ఇన్ని ఉన్నవాళ్ళు ఏ ఊటీకో వెళ్ళాలి గానీ."

నేచురల్ అట. ఇప్పుడైతే వంద జవాబులు తడుతున్నాయి. అప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. 36 ఏళ్ళొచ్చి, ప్లేటు పట్టుకుని బయట మంచులో నిలబడి ఏడ్చాను. వంట టెంట్‌లోని లోకల్ అబ్బాయి ఏమీ అడగలేదు. స్టీలు బాటిల్‌లో మరిగే నీళ్ళు పోసి, దానికి ఉన్ని సాక్సు తొడిగి నా చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయికి నేను ఏ కిట్ డబ్బులూ కట్టలేదు.

12,500 అడుగుల శిఖరం చూడకుండానే దిగొచ్చాను. ఎక్కగలిగేదాన్నో లేదో! కనీసం నేను కదా తేల్చుకోవాల్సింది? గట్టిగా వస్తానని ఎందుకు అనలేదో నాకే అర్థం కావట్లేదు.

1,800 తిరిగివ్వమంటే "కిట్ ఓపెన్ చేశారు కదా అక్కా, రిఫండ్ రాదు" అని మెసేజ్. ఓపెన్ చేశానట! ఆ వైప్స్ గడ్డకట్టి పలకలా బిగుసుకుపోతే విడదీయడానికి కూడా రాలేదు.

వెళ్ళేవాళ్ళుంటే, కొండ మీద నడిపేది ఎవరో ముందే అడిగి ఆ టీమ్‌తో నేరుగా మాట్లాడండి. టాయిలెట్ టెంట్లు ఎన్నో మెసేజ్‌లో రాయించుకోండి. జిప్ కవర్లు మీవే పట్టుకెళ్ళండి, వైప్స్ రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. జబ్బు సంగతి దాచమని మాత్రం చెప్పను, అంత ఎత్తులో అది ప్రమాదం. ఆ ఫారం ఎవరెవరు చదువుతారో అడగండి, నేను అడగలేదు.

పొద్దున 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. బిల్లు ఉందా అన్నారు. నేనేమో ఎవరిదో పర్సనల్ నంబరుకి యూపీఐలో పంపాను. స్క్రీన్‌షాట్ వెతుకుతున్నాను.