క్రోనో ట్రిగ్గర్ కొనేవాళ్లు జాగ్రత్త: పేరు ఒకటే, లోపలి గేమ్ ఒకటి కాదు

సెకండ్ హ్యాండ్‌లో క్రోనో ట్రిగ్గర్ వీడియో గేమ్ వెతుకుతున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. "కంప్లీట్ ఎడిషన్, యానిమే సీన్లు, కొత్త డంజన్లు, కొత్త ఇంగ్లిష్ అనువాదం, అన్నీ ఉన్నాయి" అని ప్రకటనలో రాసి ఒకతను నాకు మొదటి ప్లేస్టేషన్ డిస్క్ అమ్మాడు. అందులో యానిమే సీన్ల మాట ఒక్కటే నిజం. కొత్త డంజన్లు (శత్రువులతో నిండిన గుహల్లాంటి చోట్లు), కొత్త అనువాదం 2008లో నింటెండో డీఎస్ వెర్షన్‌తో వచ్చినవి. ప్లేస్టేషన్ డిస్క్‌లో వాటి ఊసే లేదు. డీఎస్ వెర్షన్ వివరాలు ఎక్కడినుంచో తెచ్చి ప్లేస్టేషన్ డిస్క్ ఫోటో కింద పెట్టేశాడు. వాపసు అడిగితే "గేమ్ ఒకటే కదా, కన్సోల్ ఏదైతే ఏంటి?" అన్నాడు. డిస్క్ మీద గీతలు లేవు, ఆడుతోంది, కాబట్టి వాపసు తీసుకునే ప్రశ్నే లేదట.

కన్సోల్ ఏదైతే ఏంటి అనే ఆ మాట చాలామంది నమ్ముతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఈ గేమ్ విషయంలో అది పూర్తిగా తప్పు.

1995లో సూపర్ నింటెండో మీద ఈ గేమ్ వచ్చినప్పుడు దాని గొప్పదనాల్లో ఒకటి పోరాటం మొదలయ్యే తీరు. అప్పటి చాలా రోల్ ప్లేయింగ్ గేముల్లో శత్రువు ఎదురైతే తెర మారిపోయి వేరే యుద్ధరంగం వచ్చేది. ఇందులో అలా కాదు. మీరు నడుస్తున్న అడవి దారిలోనే శత్రువులు ముందుకు వస్తారు, మీ వాళ్లు అక్కడికక్కడే కత్తులు దూస్తారు, పోరు ముగియగానే నడక సాగుతుంది. మధ్యలో ఎక్కడా తెగదు. ఆ ప్రవాహమే ఈ గేమ్‌కు ప్రాణం.

ప్లేస్టేషన్ వెర్షన్‌లో దెబ్బ తిన్నది సరిగ్గా అదే. ఇది జపాన్‌లో 1999లో, అమెరికాలో 2001లో వచ్చింది. కార్ట్రిడ్జ్ నుంచి వెంటనే అందే డేటాను ఇక్కడ డిస్క్ నుంచి చదవాలి. అందుకని పోరాటానికి ముందు ఆగుతుంది, మెనూ తెరిస్తే ఆగుతుంది, మూసినా ఆగుతుంది. ఒక్కోసారి చూస్తే కాసేపే. కానీ ఇలాంటి గేమ్‌లో మెనూ ఎన్నిసార్లు తెరుస్తామో ఆడినవాళ్లకు తెలుసు. మందు వాడాలన్నా, ఆయుధం మార్చాలన్నా, జట్టు మార్చాలన్నా ఎదురుచూపే. తోరియామా అకిరా గీసిన పాత్రలు యానిమేలో కదలడం ముచ్చటగానే ఉంటుంది, కాదనను. అయితే ఆ సీన్లు అక్కడక్కడా వస్తాయి, లోడింగ్ మాత్రం మొదటినుంచి చివరిదాకా వెంటే ఉంటుంది. సంభాషణలు కూడా పాత సూపర్ నింటెండో అనువాదమే.

ఇంకో సంగతి. అమెరికాలో ఈ డిస్క్ విడిగా రాలేదు. ఫైనల్ ఫాంటసీ 4తో కలిపి ఫైనల్ ఫాంటసీ క్రానికల్స్ పేరుతో రెండు డిస్కుల సెట్‌గా వచ్చింది. అమ్మేవాడు ఒక్క డిస్క్ చూపించి కంప్లీట్ అంటే రెండోది ఎక్కడని అడగండి. మొదటి ప్లేస్టేషన్‌కు రీజియన్ లాక్ ఉంది. అమెరికా డిస్క్ యూరప్ కన్సోల్ మీద మామూలుగా ఆడదు.

సూపర్ నింటెండో కార్ట్రిడ్జ్ కొనాలనుకునేవాళ్లకు టెన్షన్ ఇంకా ఎక్కువ, ఎందుకంటే నకిలీలు విపరీతం. ఒక్క గుర్తు పట్టుకోండి: యూరప్‌లో సూపర్ నింటెండోకు గానీ మొదటి ప్లేస్టేషన్‌కు గానీ క్రోనో ట్రిగ్గర్ డిస్క్‌గానో కార్ట్రిడ్జ్‌గానో అధికారికంగా అమ్మనే లేదు. అక్కడివాళ్లకు అది మొదటిసారి దొరికింది 2009లో, డీఎస్ మీద. కాబట్టి పాల్ వెర్షన్ (యూరప్ టీవీలకు తగినట్టు చేసినది) సూపర్ నింటెండో కార్ట్రిడ్జ్ అని ఎవరైనా ఎంత మంచి బాక్సులో పెట్టి చూపించినా అది నకిలీయే, ఇక ఆలోచించక్కర్లేదు. అమెరికా కార్ట్రిడ్జ్ అయితే లోపలి బోర్డు ఫోటో అడగండి. ఒరిజినల్ బోర్డు మీద నింటెండో పేరు, సంవత్సరం అచ్చై ఉంటాయి. చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు ముద్ద కనిపిస్తే వదిలేయండి. నకిలీలతో ఆడే మజా మాత్రమే పోతుందనుకోకండి. వాటిలో కొన్ని 5 వోల్టుల కన్సోల్‌లో 3.3 వోల్టుల చిప్‌లు నేరుగా పెట్టి చేసినవి, అవి కన్సోల్‌కే హాని చేయొచ్చు.

ఒరిజినల్ దొరికినా బ్యాటరీ సంగతి మరవద్దు. సేవ్ చేసిన ఆట లోపలి చిన్న బ్యాటరీ ఆధారంగా నిలుస్తుంది. 1995 నాటి బ్యాటరీ ఇప్పటికి అయిపోయి ఉండొచ్చు. అది బోర్డుకు అతికించి ఉంటుంది కాబట్టి మార్చాలంటే సోల్డరింగ్ చేయాలి. అమ్మేవాడిని ఆట సేవ్ చేసి, కన్సోల్ ఆపి, మర్నాడు మళ్లీ పెట్టి చూపించమనండి. సూపర్ నింటెండోకు జపాన్‌లో ఉన్న పేరు సూపర్ ఫామికామ్; ఆ కార్ట్రిడ్జ్ చౌకగా కనిపిస్తే, అది పూర్తిగా జపనీస్‌లో ఉంటుందని, ఆకారం వేరు కాబట్టి అమెరికా కన్సోల్‌లో పట్టదని గుర్తుంచుకోండి.

నా మటుకు నేను కొనమని చెప్పేది డీఎస్ వెర్షనే. లోడింగ్ ఎదురుచూపు లేదు, యానిమే సీన్లున్నాయి, అనువాదం కొత్తది. డీఎస్‌కు రెండు తెరలు; మెనూ కింది తెరకు వెళ్లిపోవడంతో పై తెర నిండా ఆటే కనిపిస్తుంది. ఫ్రాగ్ అనే కప్ప పాత్ర పాతకాలపు ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇష్టపడ్డవాళ్లకు మాత్రం కొత్త అనువాదంలో అది ఉండదు, ఆ లోటు నాకూ ఉంది. డీఎస్‌లో కొత్తగా చేర్చిన చోట్లలో లాస్ట్ శాంక్టమ్ అటూ ఇటూ తిరగడమే పనిగా సాగుతుంది, దానికోసమే అయితే కొనక్కర్లేదు. డైమెన్షనల్ వోర్టెక్స్ అలా కాదు, ఆడదగ్గది. డీఎస్‌కు రీజియన్ లాక్ బాధ కూడా లేదు.

2018లో కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో వచ్చింది మొబైల్ వెర్షన్ నుంచి తయారైంది. మొదట్లో మసకబారిన బొమ్మలు, ఫోన్ కోసం చేసిన మెనూలతో చాలా విమర్శలు మూటగట్టుకుంది. ఆ ఏడాదే వరుసగా వచ్చిన అప్‌డేట్లతో పాత గ్రాఫిక్స్ ఎంచుకునే వీలు కలిగింది, ఇప్పుడు హాయిగా ఆడొచ్చు. డీఎస్‌లో రాక్షసులను పెంచి పోటీకి దింపే అరీనా మాత్రం ఇందులో లేదు. దాన్ని ఎవరైనా స్టీమ్ వెర్షన్‌లో ఉందంటే నమ్మకండి.

డీఎస్ కార్ట్రిడ్జ్‌కూ నకిలీలున్నాయి. కట్టే ముందు ముందువైపు, వెనకవైపు దగ్గరి ఫోటోలు, తర్వాత ఆట ఆన్ చేసి టైటిల్ తెర నుంచి సేవ్ దాకా ఒకే వీడియోగా అడగండి. మీరు అడిగిన రోజే తీసినదని తెలిసేలా పక్కన కాగితం మీద మీ పేరు రాసి పెట్టమనండి.