సైనిక్ స్కూల్ సీటు గ్యారంటీ అన్నారు, 1,40,000 కట్టి మునిగాం, మీరన్నా జాగ్రత్త పడండి

ఇప్పుడే ఆ కోచింగ్ సెంటర్ నుంచి వచ్చాం. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి. సెంటర్ పేరు రాయను, రాస్తే రేపు లాయర్ నోటీస్ అంటారు, ఆ ఖర్చు కూడా నేను పెట్టలేను. సైనిక్, నవోదయ కోచింగుల కోసం తిరిగినవాళ్లకి ఎలాగూ అర్థమైపోతుంది, ఊళ్లో ఏ కరెంటు స్తంభం చూసినా వాళ్ల బోర్డే కదా.

విషయం గబగబా చెప్పేస్తా. కిందటేడు జూన్‌లో వాళ్ల పీఆర్వో మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, మావాడి చేత రెండు ఎక్కాలు చెప్పించుకుని "మేడం, బాబు మెటీరియల్ ఉన్నవాడు, సైనిక్ స్కూల్ అంటే మొత్తం మార్కులే, 200 దాటించామా సీటు మీ జేబులో ఉన్నట్టే, గ్యారంటీ రాసిస్తాం" అన్నాడు. హాస్టల్‌తో కలిపి 1,40,000, రెండు టర్ములు. మొదటి టర్ముకి రసీదు ఇచ్చారు, రెండోదానికి తెల్లకాగితం మీద సంతకం పెట్టిచ్చారు, నేను దాన్నీ భద్రంగా బీరువాలో పెట్టుకున్నా. చిట్టీ నష్టానికి పాడి మరీ కట్టాను. పదేళ్ల పిల్లాణ్ని తొమ్మిది నెలలు హాస్టల్లో వదిలేశా, సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి మెడ ఎముకలు కనిపిస్తుంటే "చదువు కోసం తప్పదు నాన్నా" అన్నాను. అన్నది నేనే.

ఏప్రిల్ 5న సైనిక్ స్కూల్ ఆరో తరగతి ఎంట్రన్స్ పరీక్ష. 300కి 214 వచ్చాయి. లెక్కల్లోనే 150కి 114. స్వీట్లు పంచాం, మా ఆయన ఆఫీసులో కూడా పంచారు. తర్వాత కౌన్సెలింగ్ ఒక రౌండ్ అయింది, ఇంకో రౌండ్ అయింది, మన రాష్ట్రంలో సైనిక్ స్కూళ్లున్న కోరుకొండ లేదు, కలికిరి లేదు, అసలేమీ లేదు. మావాడి పక్క మంచం పిల్లాడికి 203, వాడికి కలికిరిలో వచ్చింది.

ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు, బంగారం లాంటి పిల్లాడు, మావాడితో కలిసి ఒకే బకెట్లో బట్టలు ఉతుక్కునేవాడు. కానీ 11 మార్కులు తక్కువొచ్చినవాడికి సీటొచ్చి మావాడికి ఎందుకు రాలేదా అని నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. వాళ్లమ్మకే ఫోన్ చేశాను. ఆవిడ ఒకటే అడిగింది, "అక్కా, మీరు ఫారంలో ఏ క్యాటగిరీ పెట్టారు?"

మాది బీసీ. డిసెంబర్‌లో అప్లికేషన్లు వీళ్ల ఆఫీసులోనే పిల్లలందరికీ కలిపి నింపారు, నేను క్యాస్ట్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాను కూడా. వాళ్ల ఆఫీసులో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారు దాన్ని చూసి "ఇది స్టేట్‌ది మేడం, దీనికి పనికిరాదు, సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, మీరు తిరిగి తెచ్చుకునేసరికి లేటవుద్ది, జనరల్ పెట్టేద్దాం" అన్నాడు. నష్టం కాదా అంటే నవ్వాడు. "మంచి మార్కులుంటే క్యాటగిరీతో పనేంటండీ?" అన్నాడు. నేను కూడా నవ్వాను! డిగ్రీ చదివాను నేను, ఇంట్లో కరెంటు బిల్లు రెండు రూపాయలు తేడా వస్తే సబ్‌స్టేషన్‌కి వెళ్లేదాన్ని, పిల్లాడి ఫారం మీద మాత్రం ఇంకోడు టిక్కు పెడుతుంటే నవ్వుతూ నిలబడ్డా. కరెక్షన్ విండో తెరిచినప్పుడు కూడా ఫోన్ చేశాను, అప్పుడూ అదే మాట.

ఇప్పుడు ఆ పరీక్ష రూల్సన్నీ ఉండే బులెటిన్ ముందేసుకుని కూర్చుని నేనే లెక్క వేసుకున్నా, ఇది ముందే వేసుకుని ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. సైనిక్ స్కూల్ సీట్లలో 67 శాతం ఆ స్కూల్ ఉన్న రాష్ట్రం పిల్లలకి, 33 శాతం బయటి రాష్ట్రాలవాళ్లకి. ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27 శాతం. అవి తీసేస్తే మిగిలినదాంట్లో మళ్లీ పావు వంతు మిలటరీవాళ్ల పిల్లలకి. ఆడపిల్లల సీట్లు వేరే. అంటే జనరల్ లైన్లో నిలబడ్డ మామూలు ఇంటి పిల్లాడికి మన రాష్ట్రం కోటాలో దక్కేది నూటికి పాతిక చిల్లర సీట్లు. ఇంటర్వ్యూ ఏమీ ఉండదు కాబట్టి మార్కులే ముఖ్యం అన్నది అబద్ధం కాదు, కానీ ఆ మార్కులు నువ్వు నిలబడ్డ లైన్లో ఎన్నోవాడివో చెప్తాయి, అంతే. 214 అనేది ఒక లైన్లో ముందుంటుంది, ఇంకో లైన్లో గేటు బయట ఉంటుంది. మావాణ్ని వీళ్లు తీసుకెళ్లి పొడుగు లైన్లో నిలబెట్టారు, నేను టాటా చెప్పాను.

రిజర్వేషన్ మంచిదా చెడ్డదా అని కింద గొడవ మొదలెట్టకండి దయచేసి, దానికి ఓపిక లేదు.

సరే, ఇవాళ్టి సంగతి. గ్యారంటీ కాగితం పట్టుకుని డబ్బులడగడానికి నేనూ మావాడూ వెళ్లాం. గంటన్నర కూర్చోబెట్టారు. కరస్పాండెంట్ గారు లోపల ఫోన్లో నవ్వుతున్నాడు, బయటికి వినపడుతోంది. లోపలికి పిలిచి కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివి వినిపించాడు. "ఇక్కడ ఏముందమ్మా? 'క్వాలిఫై చేయించబడును.' మీ అబ్బాయి క్వాలిఫై అయ్యాడా లేదా? సీటు అని ఎక్కడుందో చూపించండి." చూశాను. లేదు. నిజంగానే సీటు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఏడాదిగా బీరువాలో పెట్టి దాచుకున్నది నేను ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు.

క్వాలిఫై అంటే ఏంటో తెలుసా? సబ్జెక్టుకి 25 శాతం, మొత్తం మీద 40 శాతం. అంటే 300కి 120. ఎక్కాలొచ్చిన పిల్లాడు ఇంట్లో కూర్చుని తెచ్చుకునే 120 మార్కులకి నేను 1,40,000 కట్టి గ్యారంటీ రాయించుకున్నానన్నమాట. మహా తెలివి.

క్యాటగిరీ సంగతి ఎత్తితే "ఫారం మీద సంతకం మీదే కదమ్మా" అన్నాడు. అది కూడా నిజమే. నేను గొంతు పెంచితే పిల్లాడి వైపు తిరిగి, పిల్లాడితోనే, "ఏరా, ఇంకో పది మార్కులు తెచ్చుకుని ఉంటే అమ్మకి ఈ తిప్పలుండేవి కాదు కదరా?" అన్నాడు. నవ్వుతూనే. డబ్బులు పోతే పోయాయి, ఆ మాట మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. 214 తెచ్చినవాడు తలదించుకుని నిలబడ్డాడు, నేను ఆ టేబుల్ మీదున్న పేపర్ వెయిట్ ఎత్తకుండా బయటికొచ్చానంటే మా అమ్మ పెంపకం.

ఇంకా ఉంది. బయటికొస్తుంటే గేటు పక్కన కొత్త ఫ్లెక్సీ. "మా సైనిక విజేతలు" అట. రెండో వరసలో మావాడి ఫొటో! సీటు రాని పిల్లాడు వాళ్ల విజేత! నేను నోరు తెరిచి చూస్తుంటే మావాడు నెమ్మదిగా "అమ్మా, 214 కదా, 241 అని వేశారు" అన్నాడు. వాచ్‌మెన్‌ని అడిగితే "ప్రింటింగ్ మిస్టేక్ అయ్యుంటదమ్మా" అన్నాడు. మిస్టేకులెప్పుడూ ఎక్కువవైపే వస్తాయేంటో.

మా కజిన్ లాయర్, దారిలో ఫోన్ చేస్తే తిట్టాడు ముందు. తర్వాత చెప్పాడు, 2024 జనవరిలోనే కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని ఉందట, అదే ఏడు నవంబర్‌లో వినియోగదారుల అథారిటీ వాళ్లు గ్యారంటీ ప్రకటనలు వద్దని, రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పిల్లల ఫొటోలు వాడొద్దని కూడా అన్నారట. అవన్నీ కాగితాల మీద ఉన్నాయి, ఫ్లెక్సీ గేటు మీద ఉంది. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకున్నా, చూడాలి.

అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ఫారం మీరే నింపండి, లేదా పక్కన కూర్చుని ప్రతి గడీ చదవండి. ఫోన్ నంబర్, మెయిల్ మీవే ఇవ్వండి, మాకు వాళ్ల నంబర్ పెట్టారు, ఓటీపీలు వాళ్లకే వెళ్లాయి, మొదటి రౌండ్‌లో ఏ స్కూళ్లు ఆప్షన్ పెట్టారో మాకు తర్వాత తెలిసింది. ఓబీసీ అయితే సెంట్రల్ ఫార్మాట్ సర్టిఫికెట్ నోటిఫికేషన్ రాకముందే తెచ్చిపెట్టుకోండి. వయసు కూడా చూసుకోండి, ఆరో తరగతికైతే చేరే ఏడాది మార్చి 31కి 10 నుంచి 12 మధ్య ఉండాలి. సీటొచ్చినా మెడికల్ ఉంటుంది కాబట్టి కళ్లూ చెవులూ ముందే డాక్టర్‌కి చూపించుకోండి. గ్యారంటీ అని ఎవడన్నా అంటే "దేనికి గ్యారంటీ" అని అడిగి ఆ మాటే రాయించుకోండి.

ఇదే సెంటర్లో కట్టి ఇలాగే తెల్లకాగితం రసీదు ఉన్నవాళ్లు ఉంటే మెసేజ్ పెట్టండి. ఒక్కదాన్నే వెళ్తే కూర్చోబెడుతున్నారు, పదిమంది వెళ్దాం.

ఎడిట్: గేటు దగ్గర ఫ్లెక్సీ తీసేశారని ఇందాకే ఒకళ్లు చెప్పారు. వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం మావాడు ఇంకా ఉన్నాడు. 241.