పూర్తి జేసా, కలిపి చేసే జేసా, గుడికి అప్పగించే జేసా: కొరియా కుటుంబానికి ఏది మేలు?

కొరియాలో పితృదేవతలకు జరిపే క్రతువును జేసా అంటారు. అందులో చాంద్రమానం ప్రకారం మరణతిథిని పట్టి చేసే కిజేసా మన తద్దినానికి దగ్గరగా ఉంటుంది. సొల్లాల్ అనే సంవత్సరాదికి, చుసోక్ అనే శరత్కాలపు పున్నమి పండుగకు ఉదయం పూట చేసేది చారే. నాలుగు తరాల దంపతులను కొలిచే పెద్దకొడుకు ఇంట ఎనిమిది తిథులు, రెండు పండుగలు కలిపి ఏటా కనీసం పది కార్యాలు జరగాలి. ఇంతటి భారం ముందున్న కుటుంబాలు నేడు ప్రధానంగా మూడు దారులు చూస్తున్నాయి: అన్నీ యథాతథంగా జరపడం, తిథులను కలిపి క్లుప్తంగా చేయడం, ఇంటి బయట ఎవరికైనా అప్పగించడం.

మొదటి దారిని సమర్థించేవారు అదే అసలైన సంప్రదాయమని అంటారు. వారి నిష్ఠను నేను గౌరవిస్తాను, ఎందుకంటే అర్ధరాత్రి ధూపం వెలిగించి, మద్యం సమర్పించి, సాష్టాంగపడి, ఆ తర్వాత ఉంబోక్ పేరుతో నైవేద్యాన్ని అందరూ పంచుకు తినే ఇంట్లో పిల్లలకు ముత్తాతల పేర్లు వాటంతటవే తెలుస్తాయి. అయితే ప్రాచీనత అనే వాదన మాత్రం నిలవదు. 1485లో అమలుకు వచ్చిన, నాటి కొరియాను ఏలిన జోసన్ రాజ్యపు ధర్మశాస్త్రం ఆరో శ్రేణి, ఆపై అధికారులకు మూడు తరాలను, అంతకు దిగువ అధికారులకు రెండు తరాలను, సామాన్యులకు తల్లిదండ్రులను మాత్రమే విధించింది. నాలుగు తరాల లెక్క అందరి ఇళ్ళకూ పాకింది ఆ తర్వాతే. జోసన్ తొలి కాలంలో కొడుకులూ కూతుళ్ళూ వంతులవారీగా జేసా జరిపేవారు, ఆస్తినీ సమంగా పంచుకునేవారు; పెద్దకొడుకు ఏకాధికారం పదిహేడో శతాబ్దం నుంచి బలపడింది. బల్ల నిండా వంటకాలుండాలన్న పట్టింపుకూ మూలం బలహీనమే. అందోంగ్‌లోని తోగ్యే యి హ్వాంగ్ పండితుని వంశగృహమే పండుగ చారేను నాలుగైదు పదార్థాలతో ముగిస్తుంది.

పైగా ఆ వంటలన్నీ చేసేది కోడళ్ళు. తాము ఎన్నడూ చూడని అత్తవారి పూర్వీకుల కోసం రోజంతా పొయ్యి దగ్గర నిలబడి, తీరా క్రతువు వేళకు చాలా ఇళ్ళలో వారు వెనకనే ఉండిపోయేవారు. పండుగ ముందూ వెనకా వచ్చే ఒళ్ళునొప్పులకు, మనస్తాపానికి అక్కడ ఒక జబ్బు పేరే స్థిరపడిందంటే ఆ కష్టం ఎంత విస్తారమో తెలుస్తుంది. 2023లో కన్ఫ్యూషియస్ బోధనలను అనుసరించే సంస్థ సంగ్‌గ్యున్‌గ్వాన్ జరిపించిన సర్వేలో సగానికి మించినవారు ఇకముందు జేసా కొనసాగించే ఉద్దేశం లేదన్నారు.

రెండో దారికి ఇప్పుడు ఆ సంస్థ అండ కూడా ఉంది. చారేకు తొమ్మిది పదార్థాలు చాలునని, నూనెలో వేయించే జోన్ తప్పనిసరి కాదని 2022లో ప్రకటించింది. మరుసటి ఏడు, కుటుంబం సమ్మతిస్తే అర్ధరాత్రికి బదులు సాయంత్రమే జేసా జరపవచ్చని, స్త్రీపురుషులు కలిసి ఏర్పాట్లు చేయాలని సూచించింది. తాత తిథినాడే నాయనమ్మనూ తలుచుకుంటే ఆమెకంటూ ఉన్న రోజు పోతుంది, ఆ నష్టం చిన్నది కాదు. అయినా ఉద్యోగాల వల్ల ఊళ్ళు మారిన సంతానం ఏడాదికి ఒక్కసారైనా అందరూ కలవగలగడం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

మూడో దారి బౌద్ధాలయంలో సామూహికంగా జరిపించడం. క్రైస్తవుల్లో ప్రొటెస్టెంట్లు జేసాకు బదులు స్మారక ప్రార్థనను ఎంచుకున్నారు. కాథలిక్కుల కథ వేరు: 1791లో పితృఫలకాలను, అంటే పూర్వీకుల పేర్లు రాసి పూజించే పలకలను, తగలబెట్టినందుకు యున్ జీచుంగ్ అనే కాథలిక్కు ప్రాణాలే కోల్పోగా, 1939లో రోమ్ ఈ క్రతువులను అనుమతించింది. వారసులు లేనివారికి, వృద్ధాప్యంలో ఒంటరైనవారికి గుడి నిజంగా ఆసరా. చేతులూ ఇల్లూ ఉన్న కుటుంబం రుసుము కట్టి ఊరుకుంటే మాత్రం, పోయినవారి గురించి ఇంట్లో మాట్లాడుకునే ఆ ఒక్క సందర్భం కూడా జారిపోతుంది.

అందుకే నా మొగ్గు రెండో దారికే, కాని ఒక షరతుతో. వంటకాల సంఖ్య తగ్గి, వండేది మళ్ళీ కోడలే అయితే మారింది ఏమీ లేదు. జేసా నిర్వహణలో పెద్దకొడుకుకు ఉన్న ప్రాధాన్యాన్ని కొరియా సుప్రీంకోర్టు 2023 మే నెలలో తొలగించి, వారసుల మధ్య ఒప్పందం కుదరకపోతే ఆడమగ తేడా లేకుండా దగ్గరి వారసులలో పెద్దవారికే ఆ బాధ్యత చెందుతుందని తీర్పు చెప్పింది. పెద్దకూతురు ముందు నిలబడి ధూపం వెలిగించే ఇంట్లో, కూరగాయలు తరగడం కొడుకులు, అల్లుళ్ళ వంతు కూడా కావాలి.